దిగిపోయాక మంచివాడు

మా పెదనాన్నకి పదవిలో ఉన్న నాయకుడిలో మంచి కనపడదు, పదవి దిగినవాడిలో చెడు కనపడదు. ఒకే మనిషి ఆ గట్టు నుంచి ఈ గట్టుకి చేరడానికి ఓట్లు లెక్కపెట్టే రోజున ఒక్క భోజనం వేళ చాలు. కంచం ముందు కూర్చునేటప్పుడు తిడుతూ కూర్చుంటాడు. ఫలితం వినగానే చెయ్యి కడుక్కుని, అదే నోటితో పొగడ్త మొదలుపెడతాడు.

"నిన్నటిదాకా ఆయన్ని దున్నపోతన్నారు కదండీ?" అని అడిగింది పెద్దమ్మ ఒకసారి.

"నిన్న కుర్చీలో ఉన్నాడు."

"ఒక్క రోజులో ఏం మారిందిట?"

"నడక మారింది. ఇవాళ కారు లేకుండా నడిచి ఇంటికెళ్లాడు. మనిషి ఎంత వినయంగా నడిచాడనుకున్నావ్!"

నిజానికి ఊరు చేసేదీ ఇదే. కొత్తాయన వచ్చిన రెండేళ్లకి అందరూ "పాతాయనే నయం" అంటారు. ఊరు రెండేళ్లకి చేసే పని పెదనాన్న మధ్యాహ్నానికే చేస్తాడు, అంతే తేడా. అయినా వీధిలో ఆయనకి 'మాజీగారు' అని పేరు పడిపోయింది. ఏ పదవీ చేయకుండా మాజీ అయినవాడు మా వంశంలో ఆయనొక్కడే.

ఆయనది ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టు. పక్కనే నా టైలరింగ్ షాపు. మధ్యలో చెక్క గోడే కాబట్టి ఆయన అభిప్రాయాలన్నీ నాకు ఉచితంగా అందుతాయి. ఎన్నికలవగానే ఆఫీసుల వాళ్లు ఫ్రేములు పట్టుకొస్తారు, పాత మొహం తీసి కొత్త మొహం పెట్టమని. పెదనాన్న పాతది పారేయడు. దాని మీదే కొత్తది పెట్టి మేకులు కొట్టేస్తాడు. "వెనక పెట్టే అట్ట కలిసొస్తుందిరా" అంటాడు. మున్సిపల్ ఆఫీసు ఫ్రేములో ఇప్పుడు ఐదుగురు ఛైర్మన్లు ఒకరి వెనక ఒకరు బుద్ధిగా నిలబడి ఉన్నారు. బతుకులో ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు.

మొన్న ఓడిపోయిన ఛైర్మన్‌గారిని పదవిలో ఉన్నన్నాళ్లూ పెదనాన్న తిట్టని రోజు లేదు. ఆయన కట్టించిన మురుగు కాలువలో నీళ్లు మా కొట్ల వైపే వస్తాయి. పెదనాన్న దానికి అడ్డంగా బండ వేస్తే ఇంకా ఎక్కువ వచ్చాయి. దానికీ ఛైర్మన్‌గారినే తిట్టాడు.

ఒకరోజు ఆ ఛైర్మన్‌గారి భార్య కొట్టుకొచ్చింది. చేతిలో అద్దం పగిలిన ఆయన ఫొటో.

"అన్నయ్యగారూ, ఆయనే గోడ మీంచి లాగేశారు. ఓడినప్పటి నుంచి గుమ్మం దాటలేదు. అన్నం సరిగ్గా తినరు. జాతరలా జనం ఉండే ఇంటికి ఇప్పుడు పాలమనిషి తప్ప ఎవరూ రావట్లేదు. నాకు భయంగా ఉంది" అంది.

పెదనాన్న సుత్తి కింద పెట్టి, కొట్టుకి తాళం వేసి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

ఛైర్మన్‌గారు పట్టపగలు దుప్పటి కప్పుకుని పడుకున్నారు. పెదనాన్న మంచం పక్కన కుర్చీ లాక్కుని తన ధోరణిలో మొదలుపెట్టాడు. మీరు వేయించిన రోడ్లు, మీరు పెట్టించిన దీపాలు, మీలాంటివారు మళ్లీ పుట్టరు.

ఆయన కళ్లు తెరిచారు. "ఏమయ్యా, నేను పోయాననుకుని వచ్చావా? సంతాప సభలో చెప్పినట్టు చెబుతున్నావ్" అని మొహం మీదికి దుప్పటి లాక్కున్నారు.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. తర్వాత జరిగింది నేను కలలో కూడా అనుకోలేదు. పదవి దిగినవాడిని ఆయన తిట్టాడు.

"అయితే నిజం చెప్పమంటారా? నీళ్లు పల్లానికి పోతాయని పసిపిల్లాడికి తెలుసు. మీ కాలువలో నీళ్లు నా కొట్లోకి పోతాయి! దాన్ని కాలువంటారా ఎవరైనా?"

దుప్పటి తొలగింది. "వాలు సరిగ్గానే ఉంది. నువ్వే బండ అడ్డం వేశావ్!"

"వేశాను. వేయకపోతే నా దగ్గరికొచ్చేవాళ్లు ఈదుకుంటూ రావాలి!"

"ఏదీ, చూపించు పద! ఏమేవ్, నా చెప్పులెక్కడ?"

వంటింటి గుమ్మంలో ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ చెప్పులు నేనే ఎంతో సంతోషంగా వెతికి తెచ్చిచ్చాను.

అప్పటి నుంచి ఛైర్మన్‌గారు రోజూ పొద్దున్నే కొట్టుకొస్తారు. టీ తాగుతూ గంటసేపు కాలువ మీద పోట్లాడుకుంటారు. ఈమధ్య నా దగ్గర రెండు కొత్త చొక్కాలు కూడా కుట్టించుకున్నారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే పెదనాన్న నిట్టూరుస్తాడు.

"బంగారం లాంటి మనిషిరా."

"ఆ మాట ఆయన ముందే అనొచ్చు కదా?"

"అంటే మళ్లీ దుప్పటి కప్పుకుంటాడు."

నిన్న కొత్త ఛైర్మన్ మనుషుల్ని పంపి బండ తీయించి, కాలువ బాగుచేయించాడు. ఊరంతా సంతోషించింది. పెదనాన్న మాత్రం సాయంత్రం దాకా దిగులుగా కూర్చున్నాడు.

ఇవాళ పొద్దున నేను షాపు తెరిచేసరికి, ఆయన పలుగుతో ఆ బండని దొర్లించి మళ్లీ కాలువకి అడ్డం వేస్తున్నాడు. నీళ్లు అప్పుడే మా గుమ్మాల వైపు తిరిగాయి.

"ఇదేంటి పెదనాన్నా!"

"అరవకురా, ఆయనొచ్చే వేళయింది" అన్నాడు పెదనాన్న, మడమల లోతు మురుగులో నిలబడి. "పోట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."