రాళ్ళ మాస్టారి ప్రశ్న

రాళ్ళ మాస్టారికి ఒకటే జబ్బు: విశ్వవిద్యాలయంలో ఎవరి పీహెచ్‌డీ వైవా జరిగినా, పిలిచినా పిలవకపోయినా, వెళ్ళి ముందువరుసలో కూర్చొని ఒక ప్రశ్న అడగాలి. ఆయన బోధించి రిటైరయింది భూగర్భశాస్త్రం. ఆయన ప్రశ్న అడగని శాస్త్రమంటూ లేదు. వైవాలో ఎవరైనా అడగవచ్చునన్న నియమాన్ని అంత నిష్ఠగా వాడుకున్నవారు మరొకరు లేరు.

పోనీ, అవి ప్రశ్నల్లా ఉండేవా? శాసనాలమీద పరిశోధించిన చరిత్ర విద్యార్థితో, "బాబూ, చెక్కుతుండగా అక్షరం తప్పుపడితే ఆ శిల్పి ఏం చేసేవాడు?" అన్నారు. గణితశాస్త్రం వైవాలో బోర్డంతా నిండాక లేచి, "ఇందులో నీకు అన్నిటికంటే ముద్దొచ్చే వరుస ఏది నాయనా?" అన్నారు. హాలు ఘొల్లుమంది. న్యాయంగా చెప్పాలంటే, ఆ కుర్రవాడు సిగ్గుపడుతూనే ఒక వరుస చూపించాడు.

జంతుశాస్త్ర ఆచార్యురాలికి ఈ తంతు బొత్తిగా గిట్టదు. చీమలమీద పనిచేసిన ఆమె శిష్యురాలి వైవాకు వస్తున్న బయటి పరీక్షకుడు, నచ్చని థీసిస్‌ను నిర్మొహమాటంగా తిప్పి పంపుతాడని పేరు. ముందురోజు ఆమె మాస్టారింటికే వెళ్ళింది.

"మాస్టారూ, రేపటికి మమ్మల్ని వదిలేయండి."

"ఏమ్మా, చీమలకు నేనేం ద్రోహం చేశాను?"

"చీమలకు కాదండీ, పిల్లకు. అసలే భయస్తురాలు. మీ ప్రశ్నకు అందరూ నవ్వితే కూలబడిపోతుంది."

"సరేనమ్మా, వెనకవరుసలో కూర్చుంటాను."

"అసలు రావద్దంటున్నానండీ!"

"అందుకేగా వెనక కూర్చుంటానన్నది."

మర్నాడు పరీక్షకుడు, ఈ గణాంకాల పద్ధతే ఎందుకు ఎంచుకున్నావని అడిగాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పగల జవాబే. అమ్మాయికి నోరు పెగలలేదు. రెండో ప్రశ్నకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆయన పెన్నుకు మూత పెట్టి, "ఈ పని నువ్వే చేశావా?" అన్నాడు. ఇన్నేళ్ళ శ్రమా ఆ పెన్ను మూతకింద పడిపోయినట్టే.

వెనకనుంచి కుర్చీ కిర్రుమంది. ఆచార్యురాలు కళ్ళు మూసుకుంది.

"అమ్మాయ్, ఇరుకుదారిలో రెండు చీమలు ఎదురైతే ఏది తప్పుకుంటుంది?"

హాలంతా నవ్వింది. అమ్మాయి నవ్వలేదు.

"మోత లేనిదండీ," అంది. వెంటనే, "కానీ ప్రతిసారీ కాదు! మోత మరీ పెద్దదైతే తప్పుకోకుండా వెనక్కి తిరిగి సాయం పడుతుంది. మొదట నేనే నమ్మలేదు. నా కళ్ళే మోసం చేస్తున్నాయనుకున్నాను. అందుకే ఆ గణాంకాల పద్ధతి పట్టుకున్నాను..."

ఇక ఆగలేదు. బోర్డు దగ్గరకు వెళ్ళి దారులు గీసింది, వాదించింది, ఒకచోట పరీక్షకుణ్ణే "కాదండీ" అంది. ఆయన పెన్ను మూత తీసి రాసుకున్నాడు. కాసేపటికి లేచి, డాక్టర్‌గారూ అని చెయ్యి కలిపాడు.

మెట్లమీద ఆచార్యురాలు మాస్టారిని అందుకుంది.

"ఆ ప్రశ్న మీకెలా తట్టిందండీ?"

"థీసిస్ చదివానమ్మా. అంతా ఒద్దికగా రాసింది. ఆ ఇరుకుదారి పేజీ ఒక్కటే మురిసిపోతూ రాసింది. అక్కడికి తీసుకెళ్తే గొంతు అదే వస్తుందనుకున్నాను."

ఆమె నిలబడిపోయింది. శాసనాలు, గణితం, చీమలు.

"అంటే... అందరివీ చదువుతారా?"

"చదవకుండా అంత తెలివితక్కువ ప్రశ్న అడగడం ఎలాగమ్మా?"

చంకలోని లావుపాటి థీసిస్‌ను ఆయన ఇంకో చంకలోకి మార్చుకున్నారు. "వచ్చే వారం భౌతికశాస్త్రం. సగం చదివాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఈసారి నటించే శ్రమ ఉండదు."