ఇంజిన్‌లో చింతగింజ

మొన్న సైకిల్ షాపులో కిరసనాయిలు వాసన తగలగానే బళ్లారిలోని మా పాత ఇంటి వాకిలి గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్లు. సండూరుకు మనుషుల్ని చేరవేసే నాన్న కారే మాకు బతుకుతెరువు. అది మొరాయిస్తే ఇంజిన్ విప్పి వాకిట్లో పెట్టారు. లోపల క్యామ్‌షాఫ్ట్ అనే పొడవాటి ఇనుప కడ్డీ ఇరుక్కుపోయింది. రెండు రోజులు కిరసనాయిలు పోసినా బయటికి రాలేదు.

విసిగిపోయిన నాన్న సుత్తి ఎత్తాడు. మెకానిక్ మస్తాన్ తాత ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"కొడితే పగుల్తాదప్పా. ఇంజిన్ తలకిందులు చేద్దాం. లోపల అడ్డం పడిండేవి జారితే అదే వస్తాది."

తలకిందులు అనగానే ఇంజిన్‌లోనూ గింజే అడ్డం పడిందనుకున్నాను. నా గొంతులో రేగుగింజ అడ్డం పడ్డప్పుడు అమ్మ నన్నలాగే వంచి వీపు చరిచింది. కారు మొరాయించడానికి కొన్నాళ్ల ముందే నేను పెట్రోలు ట్యాంకులో చింతగింజ వేశాను.

"నేనే వేసినా తాతా, చింతగింజ!" అని ఏడ్చేశాను.

నాన్న సుత్తి దించాడు. తాత నవ్వలేదు. ఇద్దరూ కలిసి ఇంజిన్ తిరగేశారు. తాత కడ్డీని నిదానంగా తిప్పుతూ లాగితే నల్లటి నూనె కారుతూ వచ్చేసింది. ఆ తర్వాత ఆయన తీగకు గుడ్డ చుట్టి, ఒక్కో రంధ్రంలో దూర్చి నాకు చూపించాడు.

"చూడు పాపా, నీ గింజ యాడా లేదు. ఇది చెడింది నీ వల్ల కాదు."

ఆ పూట కడుపునిండా తిన్నాను.

ట్యాంకులో వేసిన గింజ ఇంజిన్‌లోకి చేరే దారే లేదని పెద్దయ్యాక తెలిసింది. తాతకు ఆ సంగతి అప్పుడే తెలుసు. అయినా ఆయన ఒక్క రంధ్రం కూడా వదలకుండా వెతికాడు.