చీర కింద ఆరిన బట్టలు

ఆసుపత్రిలో చేరిన రోజు పొద్దున అక్క డాబా మీద బట్టలు ఆరేసింది. నిలబడే ఓపిక లేదు. పిట్టగోడకు నడుం ఆనించి, ముందు లోపలి బట్టలు తీగ మీద వేసింది. వాటి మీద తడి చీర కప్పింది. అంచులు సమంగా లాగి, కిందివి ఏమైనా కనబడుతున్నాయేమో అని వంగి చూసుకుంది.

"వాటికి కాస్త ఎండ తగలనియ్యే అక్కా," అన్నాను.

"పోర్టు బొగ్గుదుమ్ము పడిపోద్దే. నల్లగైపోతాయి."

"మరి చీర నల్లబడదా?"

"సీర అందరూ సూసీదే కదేటే," అని నవ్వింది.

ఆ తరువాత ఆమె ఆ డాబా మెట్లు ఎక్కలేదు.

మా అక్క పేరు గౌరీశ్వరి. పద్మనాభం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక పూర్ణా మార్కెట్ వెనక సందులోకి వచ్చింది. బావ శ్రీరామ్మూర్తి పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యాడు. సందులో ఎవరింట పురుడొచ్చినా బాలింతకు నీళ్ళు పోయడానికి అక్కనే పిలిచేవాళ్ళు. కొత్త తల్లులు కొంగు బిగించుకుని ముడుచుకుపోతుంటే, "ఎక్కడ నొప్పెడతందో సెప్పమ్మా, సిగ్గేటి? నానూ ఆడదాన్నే," అనేది. వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆమెతో ఆ మాట అన్నవాళ్ళు ఇంట్లో లేరు.

కూతురు కీర్తన పెళ్ళయ్యాక అల్లుడు సాయిశంకర్ ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. అతనిది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగం. అద్దె ఇల్లు దొరికేదాకా అన్నారు, దొరకలేదు. ఉన్నవి రెండు గదులు. లోపలి గది ఆ పిల్లలిద్దరికీ ఇచ్చారు. మా వైపు అల్లుడు ఇంట్లో కాలుపెట్టాక అత్తమామల పక్కలు వేరైపోవాలి. ఎవరూ నోరు తెరిచి చెప్పరు. బావ మంచం వసారాలోకి వెళ్ళింది, అక్క చాప వంటింట్లోకి.

ఒకసారి మా అమ్మ రామలక్ష్మమ్మ పల్లె నుంచి వచ్చేసరికి అక్క తలలో మల్లెపూలున్నాయి.

"ఏటే గౌరీ, పెళ్ళికూతురు నువ్వా, నీ కూతురా?"

"మూరెడు మిగిలిపోనాదమ్మా."

"మిగిల్తే దేవుడికెట్టు. అల్లుడు తిరిగే ఇంట్లో అత్తకి పూలేటి?"

అక్క పూలు తీసి పటానికి పెట్టింది. "దేవుడికి పొద్దున్నే ఎట్టినారు గదా," అన్నాడు బావ వసారాలోంచి. అమ్మ అటు చూసిన చూపుకు ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తరువాత అక్క తలలో పూలు నేను చూడలేదు.

అయినా వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాల్లాగే ఉన్నారు. పిల్లలు బయటికి వెళ్ళిన ఆదివారం మధ్యాహ్నాల్లో అక్క వీధి తలుపు గడియ పెట్టేది. ఈ సంగతి ఆసుపత్రి మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుని నాతో చెప్పింది. "ఆయన కోసవేఁ కాదే పుష్పా. నాకూ కావాలనే ఉండీది," అంది. అలా అన్నందుకు వెంటనే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ముట్టు ఆగిపోయి ఏళ్ళయ్యాక, అలాంటి ఒక మధ్యాహ్నం తరువాత రక్తం కనబడిందట. మరోసారీ అంతే. అక్క దాన్ని జబ్బనుకోలేదు. వయసు మరిచినందుకు పడిన శిక్ష అనుకుంది. పటిక కలిపిన నీళ్ళతో మంట పుట్టేదాకా కడుక్కుంది. బావను దగ్గరికి రావద్దంది. రక్తం ఆగింది.

"మానేత్తే తగ్గిపోనాదే. మరింకేటి, తప్పు అదే కదా," అంది నాతో. పుస్తకాలు చదువుకున్న నేను ఆమె దుప్పటి సర్దాను. అది జబ్బని అప్పుడు చెప్పినా ఉపయోగం లేదు.

ఆగిందనుకున్నది కొన్నాళ్ళకు దానంతటదే మొదలైంది. నడుం నొప్పి, వాసన. అక్క మనుషులకు దూరంగా కూర్చోవడం నేర్చుకుంది. బాలింతల ఇళ్ళకు పిలిస్తే మోకాళ్ళు నొప్పులంది. చివరికి గుడ్డల మీద మరకలు చూసి కీర్తనే ఆమెను ద్వారకా నగర్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సాయిశంకర్ తోడు వెళ్ళి, బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల జరిగింది కీర్తన నాకు చెప్పింది.

"భర్తతో కలిసినప్పుడు రక్తం వచ్చేదా అమ్మా?" అని డాక్టరు అడిగింది.

అక్క కూతురి ముఖం చూసింది. తలుపు వైపు చూసింది.

"మాకలాటియ్యేటీ లేవమ్మా. అల్లుడొచ్చీసినాడు."

"పర్లేదు, చెప్పండి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు."

అక్క మళ్ళీ తలుపు వైపు చూసింది. మాటలు బయటికి వినబడతాయని భయపడుతోందనుకుంది కీర్తన. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. బల్ల మీద పడుకుంటే పరీక్ష చేస్తానంది డాక్టరు. అక్క కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకుని, "బిళ్ళలియ్యండమ్మా, సాలు," అంది. ఎంత చెప్పినా పడుకోలేదు. పరీక్షకు తప్పకుండా రావాలని చెప్పి బిళ్ళలు రాసిచ్చింది డాక్టరు. మెట్లు దిగుతూ అక్క, "ఇంకెప్పుడూ నన్నిలాటి సోటికి తేకే," అంది కూతురితో.

మళ్ళీ తీసుకెళ్ళింది, డాబా మీద బట్టలు ఆరేసి దిగిన రోజు, స్పృహ తప్పి పడిపోయాకే. అది పెద్దాసుపత్రి. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సరన్నారు, పాకిపోయిందన్నారు. ముందే వచ్చి ఉంటే అన్నారు. వానల్లో అక్క పోయింది. ఎందుకు పోయిందని అడిగినవాళ్ళకు అమ్మ కడుపులో గడ్డ అని చెప్పింది. ఇప్పటికీ అదే చెబుతుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను డాబా మీదికి వెళ్ళాను. అక్క బట్టలన్నీ బావ ఉతికి తీగ మీద వేశాడు, ఏదీ దేనికిందా దాచకుండా. ఎండలో అన్నీ విడివిడిగా ఆరుతున్నాయి. ఇద్దరం తీసి మడతపెట్టసాగాం.

"ద్వారకా నగర్ ఎల్లినరోజు నన్నూ రమ్మన్నాదమ్మా," అన్నాడు బావ. "‘నాను సెప్పలేను, డాక్టరమ్మకి నువ్వొచ్చి సెప్పు’ అన్నాది. ఆళ్ళ ఎనకాలే ఇంకో బస్సులో ఎల్లినాను."

ఇది కీర్తనకు తెలియదు. నాకూ తెలియదు.

"మరి?"

"మెట్లెక్కినాను. పైన బల్ల మీద అల్లుడు కూకున్నాడు."

చీర రెండో కొస నా చేతికిచ్చాడు.

"దిగిపోనాను."