పిట్ట ముట్టని వెనిలా కాఫీ

ఆ రోజుల్లో (మరీ తాతల కాలమేం కాదు, మొన్నమొన్నటి మాటే) సూర్యాపేట బైపాస్ పొడుగునా కాఫీ షాపులు వెలిశాయి. ఇంజనీరింగ్ పాసై ఇంటర్వ్యూలు మాత్రం పాసవని నేను, వాటిలో ఒక దాంట్లో కాఫీ కలిపే పనికి కుదిరాను. నల్ల ఏప్రాన్, తల మీద టోపీ, ఛాతీ మీద నా పేరున్న బిళ్ల పెట్టుకుని అద్దంలో చూసుకుంటే నాకు నేనే విమానం నడిపేవాడిలా అనిపించేవాణ్ణి. మా అమ్మకు మాత్రం అట్లా అనిపించలేదు. "ఇంజనీరు సదువు సదివి చాయ్ పోస్తున్నవారా!" అని ఆమె ఏడుపు. చాయ్ కాదమ్మా, కాఫీ అంటే ఇంకాస్త గట్టిగా ఏడ్చేది. ఆ వయసులో నాకు చుట్టాలంటే తప్ప ఇంక దేనికీ భయం ఉండేది కాదు. దయ్యాలంటే నవ్వేవాణ్ణి.

నా పనిని పనిగా చూసిన మనిషి ఒక్కడే, మిర్యాలగూడలో ఉండే మా మేనమామ. రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి మానుకున్నవాడు. మూతి మీద తెల్ల మీసం, ఒంట్లో షుగరు. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వెళ్లి ఆయనకు వెనిలా లాటే చేసి పెట్టేవాణ్ణి. షాపులో ఉండే పెద్ద మిషను ఇంట్లో ఎక్కడిది? కింద నీళ్లు, నడుమ కాఫీ పొడి వేసి పొయ్యి మీద పెడితే చిక్కటి డికాక్షన్‌ను పైకి ఎగదన్నే చిన్న కెటిల్ ఒకటి కొన్నాను. అదే మా ఎస్ప్రెసో. బర్రెపాలు మరగనివ్వకుండా వేడి చేసి, అత్తమ్మ కవ్వంతోనే చిలికి నురగ తెచ్చేవాణ్ణి. వెనిలా వేసి కాచిన చక్కెర పాకం ఒక సీసాలో ఉండేది. అది కొంచెం ఎక్కువైతే బిస్కెట్ల కార్ఖానా వాసన, తక్కువైతే కషాయం. మామ మొదటి గుటక మింగి, మెడ ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని కాసేపు ఆగేవాడు. "వాసన ముందుగాల రావొద్దు అల్లుడా. మింగినంక ఎన్కంగ రావాలె. ఇయ్యాల కుదిరింది," అనేవాడు. కుదరకపోతే అదీ చెప్పేవాడు.

అత్తమ్మకు ఈ సంబరం గిట్టేది కాదు. "షుగరున్న మనిషికి పాకం తాపుతవా? ఈయన్ని నాకు లేకుంట జేస్తవా ఏంది?" అని గొణిగేది. ఒకనాడు ఆ గొణుగుడు కోపమైంది. మామ చేతిలోని కప్పు, పెదవి తగలకముందే లాక్కుని వంటింటి సింకులో పారబోసింది. మామ చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను ఇద్దరికీ మధ్య ఇరుక్కోవడం ఎందుకని బస్సెక్కాను. సూర్యాపేట చేరకముందే ఫోను వచ్చింది. మామ ఆ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

దినాల నాడు పొద్దున్నే వెళ్లాను. గడప దాటగానే వెనిలా వాసన. పక్కనే మాంసం ఉడుకుతోంది, ఊదుబత్తీలు వెలుగుతున్నాయి, అయినా అన్నిటినీ తోసుకుని అదే వాసన. అత్తమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"నీకొస్తున్నదా?" అంది గుసగుసగా.

"ఏంది అత్తమ్మా?"

"గదే. ఆయన పోయిన కాడికెల్లి ఒస్తున్నది. ఎవలకు జెప్పినా నీ భ్రమ అంటున్నరు."

అలమర తెరిచాను. పాకం సీసా మూత బిగించి ఉంది. తిప్పబోతే అతుక్కుపోయి రాలేదు. అంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకోటి. ఆ ఇంట్లో చక్కెర పలుకు కింద పడితే చాలు చీమలు బారులు తీరేవి. సీసా దరిదాపుల్లో ఒక్క చీమ లేదు. (ఇంజనీరింగ్‌లో దీనికి పాఠం ఏదీ చెప్పలేదు.) "భ్రమే అత్తమ్మా" అని అలమర మూసేశాను.

మా దిక్కు దినాల నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే ఆత్మ తృప్తిపడ్డట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. డాబా మీది పిట్టగోడపై ఇస్తరాకు వేసి మాంసం, గారెలు, కల్లు, ఆఖరికి ఒక బీడీ కట్ట కూడా పెట్టారు. మిల్లు పక్క ఇల్లు కాబట్టి కాకులకు కొదవలేదు, మామూలు రోజుల్లో చేతిలోని అప్పచ్చి కూడా ఎత్తుకుపోయే రకం. ఆ రోజు అవన్నీ మిల్లు రేకుల మీద వరసగా కూర్చుని మా వైపు చూస్తున్నాయి. ఒక్కటీ కావుమనలేదు. మిల్లు కూడా ఎందుకో ఆగి ఉంది.

ఎండ నెత్తికెక్కింది. కింద చుట్టాల కడుపులు మాడుతున్నాయి. పొద్దున తిరుమలగిరి నుంచి బస్సులో ఏమీ తినకుండా వచ్చిన మా బావ మాటిమాటికీ మాంసం గంజు మూత తీసి చూసి మళ్లీ పెడుతున్నాడు. "ఏమన్న కోరిక ఉన్నదేమో సూడుండ్రి జర," అన్నాడు నీరసంగా.

ఆ మాటకు అత్తమ్మ డాబా మీదనే కూలబడింది. "కోరిక గాదు, దూప. తాగేటి మనిషి నోటి కాడిది గుంజుకున్న. ఆయన దూపతోనే పాయె. నా మీద అలిగే పాయె," అని తల బాదుకుంది. అందరి చూపులూ మెల్లగా నా మీదికి తిరిగాయి.

పరుగున కిందికి వచ్చి కెటిల్ పొయ్యి మీద పెట్టాను. అది పొంగేటప్పుడు గురగురమనడం మామూలే. ఆ రోజు మాత్రం మామ నిద్ర లేచి గొంతు సవరించుకున్నట్టే వినపడింది, వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది. ఆ కంగారులో పాలు మరిగిపోయాయి. సీసా మూతను వేడి నీళ్లలో ముంచి ఎట్లాగో ఊడదీశాను. మామే కదా అని ప్రేమ కొద్దీ పాకం గుమ్మరించాను. తీసుకెళ్లి పెట్టగానే రేకుల మీంచి ఒకే ఒక్క కాకి లేచి వచ్చింది. కప్పు దగ్గరికి గెంతి, మెడ ఒక పక్కకు వంచి, కాసేపు ఆగింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి నన్ను చూసింది.

"కుదరలేదన్నట్టుందిరా," అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు.

మళ్లీ కిందికి దిగాను. ఈసారి పాలు వేలు ఓర్చేంత వేడిలో దించి, నిదానంగా చిలికాను. పాకం సీసా అందుకోబోతుంటే పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది. అరవబోయాను. అత్తమ్మ.

"ఎంత పోస్తుంటివి ఆయనకు?"

చెంచా చూపించాను. ఎన్నడూ మామ చాయ్‌లో చక్కెర పలుకు పడనివ్వని ఆ మనిషి చెంచా నిండా పోసింది. డికాక్షన్ మీద పాలు నేను పోశాను. కప్పు తనే డాబా మీదికి మోసుకెళ్లి ఆకు పక్కన పెట్టింది.

"తాగు," అంది. "ఇయ్యాల నేనేమన."

కాకి దగ్గరికొచ్చింది. ముక్కు ముంచింది. తలెత్తితే ముక్కు చుట్టూ తెల్లటి నురగ. బావ "ముట్టింది! ముట్టింది!" అని కేక పెట్టి, ఎవరికంటే ముందు మెట్లు దిగిపోయాడు. అతని వెనకే చుట్టాలంతా. అత్తమ్మ మాత్రం కదల్లేదు. ఏడుస్తూనే, నలభై ఏళ్ల కాపురంలో అలవాటైన గొంతుతో కసురుకుంది: "మెల్లగ! నోరు కాల్తది."

తర్వాత అత్తమ్మ కిందికి వెళ్లి, వంటింట్లో నిలబడి గట్టిగా గాలి పీల్చింది. "ఇగ ఒస్తలేదు," అంది. నిజమే, ఇల్లంతా ఒట్టి మాంసం వాసన. ఆ పూట ఆమె అన్నం తిన్నది.

ఇప్పుడు నా పెళ్లాం అడుగుతుంటుంది, నువ్వు ఇవన్నీ నమ్ముతావా అని. మిట్టమధ్యాహ్నం దాహమైన కాకి, గోరువెచ్చని తీపి పాలు, ఇందులో నమ్మడానికేముంది అంటాను. కానీ ఒక సంగతి ఆమెకు చెప్పలేదు. అందరూ దిగిపోయాక కప్పు తేవడానికి నేను ఒక్కణ్ణే మళ్లీ పైకి వెళ్లాను. కప్పు ఖాళీ. కాకి ఇంకా పిట్టగోడ మీదే ఉంది. నేను అటూ ఇటూ చూసి, "పాకం సరిపోయిందా మామా?" అని మెల్లగా అడిగాను. ఇంజనీరింగ్ చదివిన వాణ్ణి, మండుటెండలో ఒక కాకి ముందు చేతులు కట్టుకుని జవాబు కోసం నిలబడ్డాను. ఆ పిల్లగాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి తప్పేముంది, అంతకు ముందు ఎన్నడూ మామ వాణ్ణి జవాబు చెప్పకుండా పంపలేదు.