గులాబీ రంగు తలంబ్రాలు

నాకు ఎన్నిసార్లు పెళ్ళయిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. అన్నీ ఒకే మనిషితో. మామిడి తోటలో ఒకసారి, గడ్డివాము పక్కన ఒకసారి, ఎడ్లబండి మీద ఒకసారి. పొద్దుగూకే లోపు తాళి తీసి కాస్ట్యూమ్ పెట్టెలో పెట్టేసేదాన్ని, ఇంకో పాటకు పనికొస్తుందని. మీకు నవ్వొస్తే నవ్వండి. నాకు ఇప్పుడు నవ్వు కూడా రాదు, ఆవలింత వస్తుంది.

యూట్యూబ్‌లో జానపద పాటలు మీరూ చూసే ఉంటారు. పిల్ల నీళ్ళకు పోతుంది, పిలగాడు వెంట పడతాడు, పిల్ల అలుగుతుంది, చివరి చరణంలో పెళ్ళి. మావన్నీ అవే. మాది ములకలపల్లి దగ్గర అడవి అంచున ఊరు. పాల్వంచలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ స్టేజీ మీద ఆడితే చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లకు నా బుర్ర చెడిపోయింది. పాటల్లో నాకు మొగుడయ్యే అతనిది కొత్తగూడెం, బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. డ్యాన్స్ పోటీల్లో ఎదురుపడ్డాం. ఇద్దరం ఒకే బస్సులో హైదరాబాదు పోయాం, వేరే వేరే సీట్లలో, ఎవరైనా చూస్తారని.

కృష్ణానగర్‌లో నేను ఆడపిల్లల హాస్టల్లో చేరాను. అతను ఇంకో వీధిలో నలుగురితో కలిసి గది కిరాయికి తీసుకున్నాడు. సీరియళ్ళ వాళ్ళకు ఫోటోలిచ్చాం, సినిమా ఆఫీసుల మెట్ల మీద కూర్చున్నాం. చివరికి మమ్మల్ని రమ్మన్నది ఒక పాటల ఛానెల్. దాని ఓనర్‌ను అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం. ఆయన మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసి, "జోడీ కుదిరింది, ఇగ మీరు విడిపోవద్దు" అన్నాడు. అది ప్రేమకిచ్చిన దీవెన అనుకున్నాను. ఆయన మాట్లాడింది వ్యూస్ గురించి.

విచిత్రం ఏమిటంటే, మాకు హైదరాబాదులో షూటింగే ఉండేది కాదు. అక్కడ పడుకోవడం, బట్టలుతుక్కోవడం, ఫోన్ కోసం ఎదురుచూడడం, అంతే. షూటింగ్ అనగానే వ్యాను ఎక్కించి ఏదో ఒక పల్లెకు తోలుకుపోయేవాళ్ళు. పల్లెలో ఉండలేక పట్నం పోయినదాన్ని, పట్నం నుంచి పల్లెకు వచ్చి కుండ చంకన పెట్టుకొని నడిచేదాన్ని. మా అమ్మ ఫోన్లో అడిగేది, "గా కుండ మోసుడేదో ఇంటికాడ మోస్తే కాకపాయెనా?" అని. నేను విసుక్కునేదాన్ని. అడిగిన దాంట్లో తప్పేమీ లేదు.

ప్రేమ ఎక్కడ మొదలైందంటే చెప్పుల దగ్గర. పల్లెటూరి పిల్ల వేషం కాబట్టి చెప్పులు ఉండవు. ఎండాకాలం చెలకల్లో, రాళ్ళ మీద, వట్టి కాళ్ళతో ఆడాలి. కట్ అనగానే అతను నా వైపు చూడకుండానే తన చెప్పులు కాలితో నా దగ్గరికి జరిపేవాడు. తను ఎండలో కాళ్ళు మార్చి మార్చి నిలబడేవాడు. దానికే పడిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చెప్పులకు పడిపోయాను. అంతకంటే గొప్ప సంగతులు ప్రేమలో ఏముంటాయో నాకు తెలియదు.

ఒకరోజు అమీర్‌పేటలో మెట్రో మెట్ల దగ్గర ఒకావిడ మమ్మల్ని గుర్తుపట్టింది. సెల్ఫీ తీసుకొని, "మీరు నిజంగానే మొగుడూ పెండ్లాలా?" అని అడిగింది. అతను నా భుజం మీద చెయ్యి వేసి, "చూస్తే ఎట్ల కనబడుతున్నం అక్కా?" అన్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. నేనేమో ఆ చెయ్యి బరువు చాలా రోజులు మోసుకు తిరిగాను.

అట్లా కొంతకాలం గడిచాక ఒక పాటకు అడవి కావాలన్నాడు అన్న. వానలు పడి మా వైపంతా పచ్చగా ఉంది. "మీ ఊర్లనే చేద్దాం. మీ ఇల్లే పెండ్లి ఇల్లు. మీ అమ్మనే తల్లి వేషం కూసోబెడదాం" అన్నాడు. లొకేషన్ ఖర్చు లేదు, తల్లి వేషం ఖర్చు లేదు, భోజనం ఖర్చు కూడా లేదు. అవన్నీ నాకు తట్టలేదు. నాకు తట్టింది ఒకటే. ఆ రోజు సాయంత్రం హాస్టల్ ముందు నిలబడి అతన్ని అడిగాను.

"మా ఇంటికే వస్తున్నవ్ గదా. అమ్మతోని మాట్లాడుతవా?"

"మాట్లాడుత. షూటింగ్ అయినంక ఇంట్ల కూసోని మాట్లాడుత."

"నిజంగనేనా?"

"అవ్, చెప్తున్న గదా."

అదీ సంగతి. మిగతా వాళ్ళకది పాట. నాకది పెళ్ళిచూపులు.

వ్యాను మా వాకిట్లో ఆగేసరికి అమ్మ ఇల్లు అలికి, ముగ్గులు పెట్టి, కోడి కోసి ఉంచింది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పత్తి చేలో పనికిపోయి నన్ను చదివించిన అమ్మ, కెమెరా ముందు ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకుంటూ నిలబడింది. అన్న ధైర్యం చెప్పాడు. "నువ్వేం యాక్టింగ్ చెయ్యొద్దమ్మా. నీ బిడ్డ పెండ్లికి ఏం చేస్తవో గదే చెయ్యి."

అమ్మ తలూపి లోపలికి పోయింది. దేవుడి పటాల వెనక ఉండే చిన్న స్టీలు డబ్బా తెచ్చింది. అందులో భద్రాచలం తలంబ్రాలున్నాయి. ఎప్పుడో శ్రీరామనవమి కల్యాణానికి పోయి, ఎండలో నిలబడి తెచ్చుకున్నవి. మా వైపు ఇళ్ళల్లో అవి దాచుకుంటారు. పిల్లల పెళ్ళినాడు చిటికెడు తీసి తలంబ్రాల బియ్యంలో కలుపుతారు. గులాలు కలిపినవి కాబట్టి గులాబీ రంగులో ఉంటాయి. పసుపు బియ్యంలో ఎన్ని కలిపినా ఆ రంగు దాగదు.

ప్రొడక్షన్ వాళ్ళు తెచ్చిన పసుపు బియ్యం పళ్ళెంలో అమ్మ డబ్బా మొత్తం వంచేసింది. చిటికెడు కాదు, మొత్తం. నేను పీటల మీద కూర్చొని చూస్తూనే ఉన్నాను. "అమ్మా, ఇది షూటింగే" అనబోయాను. అనలేదు. నాక్కూడా అవి నా మీద పడాలనే ఉంది.

సగం ఊరు వాకిట్లోనే ఉంది. అతను పట్టుపంచెలో బాగున్నాడు. దోసిలి నిండా తీసి నా నెత్తిమీద పోశాడు, నేను అతని మీద పోశాను. అమ్మ ఏడ్చింది. నటించమని ఎవరూ చెప్పలేదు. కెమెరామన్ దగ్గర నుంచి తీశాడు, తర్వాత దూరం నుంచి, తర్వాత నెమ్మదిగా పడుతున్నట్టు తీశాడు. ప్రతిసారీ "ఇంకొక్కటి" అన్నాడు. బియ్యం అయిపోతే వాకిట్లో పడ్డవి చీపురుతో ఊడ్చి పళ్ళెంలోకి ఎత్తారు. రాముడి పెళ్ళి గింజలు, మా అలుకు మట్టి, అన్నీ కలిసిపోయి మళ్ళీ మా నెత్తిమీద పడ్డాయి. అమ్మ చీపురు వైపు ఒకసారి చూసింది.

పని అయిపోయింది. అతను వ్యాను అద్దం ముందుకు పోయి తువ్వాలతో తల దులుపుకోవడం మొదలుపెట్టాడు. వంగి, వేళ్ళు జుట్టులోకి పోనిచ్చి, ఒక్క గింజ మిగలకుండా. కింద మట్టిలో గులాబీ గింజలు పడుతున్నాయి. కొత్తగూడెం వాడు, అవి ఏమిటో తెలియని మనిషి కాదు. వాళ్ళింట్లోనూ అటువంటి డబ్బా ఉండే ఉంటుంది.

నేను దగ్గరికి పోయాను. "అమ్మ ఇంట్లనే ఉంది" అన్నాను.

"ఇయ్యాల వద్దే" అన్నాడు అద్దంలోకి చూస్తూనే. "వచ్చే పాటకు వేరే పిల్లను పెట్టిండు అన్న. మన జోడీ జనాలకు బోర్ కొట్టిందంట. నీకు నేనే చెప్పాలని చూస్తున్న."

"నేనడిగింది గది కాదు గదా."

"తెలుసు. ఇప్పుడే పెండ్లి అంటే నాకు పాటలు రావు. కొన్నాళ్ళు ఆగు." తువ్వాల విదిలించి భుజాన వేసుకున్నాడు. "ఈ రంగేందే, పోతలేదు" అన్నాడు.

నాకు చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు. నా సామానంతా హాస్టల్లో ఉంది, ఆ వ్యానులోనే పోవాలి. ఎక్కేముందు తాళి తీసి కాస్ట్యూమ్ పెట్టెలో వేశాను. అతను అమ్మ దగ్గరికి పోయి, "కూర మస్తుగుందమ్మా, పోయొస్తం" అన్నాడు. అమ్మ "మంచిది బిడ్డా" అంది. వ్యాను మలుపు తిరిగేటప్పుడు వెనక అద్దంలోంచి చూశాను. అమ్మ వాకిట్లో గొంతుక్కూర్చొని నేల మీద ఏదో ఏరుతోంది.

తర్వాతి సంగతులు చెప్పడానికి నాకే విసుగు. కొన్నేళ్ళు హైదరాబాదులోనే ఉన్నాను. వెనక వరసలో ఆడాను, పెళ్ళిళ్ళలో ఆడాను, మాల్ ఓపెనింగుల్లో బొమ్మ వేషం వేసుకొని చేతులూపాను. అతను కొత్త పిల్లతో పాటలు చేశాడు, ఆ తర్వాత ఇంకో కొత్త పిల్లతో. ఆ తర్వాత జనాలకు అతనే బోర్ కొట్టాడు. వాళ్ళ నాన్న ఆరోగ్యం బాగాలేక బొగ్గుబాయి పని మానేస్తే ఆ ఉద్యోగం ఇతనికి వచ్చింది. పెళ్ళి చేసుకొని కొత్తగూడెంలోనే ఉన్నాడు. హీరో అవుతానని పోయినవాడు వాళ్ళ నాన్న బాయిలోకే దిగాడు. సంతోషించాలో జాలిపడాలో తేల్చుకోలేక ఊరుకున్నాను.

నేను ఇంటికొచ్చాను. అమ్మ ఎందుకొచ్చావని అడగలేదు, అన్నం పెట్టింది. ఇప్పుడు పాల్వంచలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు డ్యాన్స్ నేర్పుతున్నాను. వార్షికోత్సవానికి వాళ్ళు అడిగేది మళ్ళీ ఆ పాటలే. "టీచర్, గీ పాటల మీరే కదా" అంటారు. "అవ్, నేనే. కాలు సక్కగ ఎయ్యి" అంటాను.

మా ఊళ్ళో తీసిన ఆ పాట ఇంకా ఉంది. మా పాటల్లో జనం ఎక్కువగా చూసింది అదే. చివర్లో తలంబ్రాలు మెల్లగా పడుతుంటే పసుపు మధ్యలో గులాబీ గింజలు స్పష్టంగా కనబడతాయి. తీసెయ్యమని అన్నకు ఫోన్ చేస్తే, "పిచ్చిదానివా ఏంది" అని పెట్టేశాడు. దాని కింద కామెంట్లలో ఎవరో మా వైపు వాళ్ళే రాశారు, ఇవి భద్రాచలం తలంబ్రాలు, ఇది షూటింగ్ కాదు, నిజం పెళ్ళే అని. ఎందరో శుభాకాంక్షలు కూడా చెప్పారు.

మొన్నామధ్య సత్తుపల్లి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ముందే ఫోన్లో మాట్లాడాడు, నెమ్మదస్తుడు. చూడడానికి వాళ్ళమ్మ ఒక్కతే వచ్చింది. టీ తాగింది, నా ఉద్యోగం గురించి అడిగింది. తర్వాత సంచిలోంచి ఫోన్ తీసి ఆ పాట పెట్టి, గింజలు పడే చోట ఆపింది.

"పాటల్లో చేసిందని మాకు తెలుసండీ, దానికేం లేదు" అంది అమ్మతో. "కానీ ఇవి రాములవారి తలంబ్రాలు కదా. ఆటకి ఎవరూ వాడరు కదా. ఏమీ అనుకోకండి, ఇది నిజంగా షూటింగేనా?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ లేచింది. లోపలికి పోయి ఆ స్టీలు డబ్బా తెచ్చి ఆవిడ ముందు మూత తీసి పెట్టింది. అందులో ఆ గింజలే. రంగు కొంత వెలిసింది. అక్కడక్కడా మట్టి అంటుకొని ఉంది.

"నా బిడ్డ మీద పడ్డయి నేను ఏరి పెట్టిన" అంది అమ్మ. "కొన్ని తక్కువున్నయి. అవి గా పిలగాడు దులుపుకొని పోయిండు. పెండ్లి అయ్యిందో కాలేదో ఇగ మీరే చెప్పుండ్రి."

ఆవిడ డబ్బాలోకి వంగి చూసింది. దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. ఇంటికి పోయి ఫోన్ చేస్తామని చెప్పి బస్సుకు పోయింది. ఇప్పటిదాకా చేయలేదు.

ఆవిడ పోయాక అమ్మ మీద కోపం వచ్చింది నాకు. అలసిపోయిన మనిషికి వచ్చే కోపం, ఎవరి మీద అన్నది ఉండదు.

"ఆ రోజు చిటికెడు వేస్తే సరిపోయేది గదా. షూటింగ్ అని తెల్వదా నీకు? మొత్తం ఎందుకు వంచినవ్?"

అమ్మ డబ్బా మూత పెడుతూ అంది, "షూటింగ్ అని ఎందుకు తెల్వది. వ్యాను దిగంగనే నీ మొఖం చూసిన. గా పిలగాడు నాతోని ఏదో మాట్లాడనీకి వచ్చిండని అర్థమైంది. అందుకే మొత్తం ఏసిన. కూర వడ్డించుకుంట గూడ చూసిన, ఇప్పుడడుగుతడు, ఇప్పుడడుగుతడు అని."

ఇన్నేళ్ళూ ఆ రోజు ఎదురుచూసింది నేనొక్కదాన్నే అనుకున్నాను. నేను నోరు తెరవకుండానే, నా పక్కనే అమ్మ కూడా పొద్దంతా ఎదురుచూసింది. వ్యాను పోయాక ఆ వాకిట్లో ఒక్కతే కూర్చుంది. నేను ఏడ్చాను, ఆ రోజు ఏడవనిది కూడా కలిపి. అమ్మ డబ్బాను పటాల వెనక్కి జరిపి, టీ గ్లాసులు తీసుకొని కడగడానికి పోయింది.