టేకులపల్లి గుట్టకు చాలని గాలి

తొంభైల మొదట్లో మాట. గాలితో కరెంటు తీయాలని ప్రభుత్వం పూనుకుంది. ఏ ప్రాంతంలో గాలి బలంగా వీస్తుందో తేల్చడానికి గుట్టల మీద ఇనుప స్తంభాలు పాతించింది. టేకులపల్లి దగ్గర అడవి అంచున పాతిన స్తంభాన్ని చూసుకునే పని నాది. దాని కొసన మూడు చిన్న గిన్నెలు గాలికి తిరుగుతుంటే, కింద పెట్టెలో వేగం నమోదయ్యేది. నాది టెంపరరీ ఉద్యోగం. గాలి బాగుందని తేలితే అక్కడే గాలిమరలు వస్తాయని, నన్ను పర్మనెంటు చేస్తారని ఆశపడ్డాను.

గుట్ట వాలులో ఒకామె పోడు కొట్టుకుని జొన్న వేసేది. భర్త పోయాడు. ఇద్దరు కొడుకులతో ఆ చేను మీదే బతుకు. నేను గుట్ట ఎక్కుతుంటే పిలిచి మంచినీళ్లిచ్చేది. ఒకనాడు చెంబు అందిస్తూ అడిగింది.

"సారూ, గాలి మంచిగుంటే ఏం జేస్తరు?"

"గాలిమరలు పెడతారమ్మా. పైదాకా రోడ్డేస్తారు."

"మరి మా చేను?"

చెంబు ఆమె చేతికిచ్చి గుట్ట ఎక్కాను. ఆ చేనుకు పట్టా లేదు. రోడ్డు వేస్తే ఆ వాలులోంచే వేయాలి.

అప్పటినుంచి గిన్నెలు జోరుగా తిరిగితే సంబరపడేవాణ్ణి. అంతలోనే కింద ఆమె కలుపు తీస్తూ కనిపిస్తే మనసు చివుక్కుమనేది. ఆమె మాత్రం నీళ్లివ్వడం మానలేదు.

వానలు పోయాయి, ఎండలూ ముదిరాయి. ఒక ఉదయం పై ఆఫీసరు జీపులో వచ్చి స్తంభం విప్పమన్నాడు.

"ఇక్కడి గాలి చాలదయ్యా. మరలు అనంతపురం దిక్కు పెడుతున్నరు. నిన్నూ అక్కడికే పంపుతున్నం. నీ నౌకరీకి ఢోకా లేదు."

ఒక్కసారిగా మనసు తేలికపడింది. గబగబా చేను దగ్గరికి దిగాను.

"అమ్మా, మీ గుట్ట మీద గాలి సరిపోదట. మరలు రావు."

"రోడ్డు?"

"రోడ్డూ రాదు."

"నిజమేనా సారూ?"

"నిజం."

ఆమె గట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి లేచి కొడుకుల్ని కేకేసింది. "జల్దీ రాండ్రా! సారు సామాను జీపుకాడికి మొయ్యాలె."

విప్పిన స్తంభం గొట్టాలు జీపుకెక్కించాక నా దగ్గరికి వచ్చింది. "మరి నీ నౌకరీ ఏమైతది సారూ?"

"ఉంటదమ్మా. అనంతపురం పోతున్న."

"ఇగ మంచిదే," అని మొదటిసారి నవ్వింది.

కొత్తగూడెంలో ఇల్లు చేరేసరికి నా భార్య గుమ్మంలోనే ఉంది. ఉద్యోగం ఊడుతుందేమోనని నెలల తరబడి ఆమెకు సరిగా నిద్ర లేదు. సంగతి చెప్పాను.

"అనంతపురంల ఇండ్లు కిరాయికి దొరుకుతయా?" అంది, చెప్పులన్నా విప్పనివ్వకుండా.

ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాం.