గోళ్ల మీది గోరింటాకు

చిట్టీ, ఈ రోజు మన చిక్కడపల్లి గల్లీలో అందరి చేతులకూ గోరింటాకే. మధ్యాహ్నం పక్కింటి పాప స్వప్న కూడా ఆ చేతులతోనే మనింటికి వచ్చింది.

“పెద్దమ్మా, జర అన్నం తినిపియ్యరాదు. మా అమ్మ చేతులు గూడ నా లెక్కనే ఉన్నయ్.”

తినిపించాను. “నువ్వు పెట్టుకోలేదేంది?” అని అడిగింది. “నాకు పడదు బిడ్డా” అని అబద్ధం చెప్పాను.

పోయిన ఆషాఢానికి నీ గుండెకు మొదటి ఆపరేషన్ అయింది, రెండోది చేయాల్సి ఉంది. అంతదాకా గోళ్లు నీలంగా మారితే వెంటనే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. నీ కన్నతల్లిని, నేనే ముచ్చటపడి ఆ గోళ్లకే గోరింటాకు పెట్టాను. ఎరుపు కింద నీలం కనిపించలేదు. రెండో ఆపరేషన్ దాకా నువ్వు ఉండలేదు.

చిట్టీకి రాసిన ఈ ఉత్తరం చదివినవాళ్లు తప్పు నాదో కాదో చెప్పండి. ముందు మీరు కడుపునిండా తినండి, చిట్టీకి ఇక తినిపించలేని నాకు అదే తృప్తి.